కక్కు పోతే రోలు రోలు కాదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రోట్లో దంచుతాం, రుబ్బురోట్లో రుబ్బుతాం, సన్నికల్లు మీద నూరుతాం, తిరగలిలో విసురుతాం. నాలుగు రాళ్లకు నాలుగు మాటలున్నాయి. మిక్సీ వచ్చాక అవన్నీ కలిసి ‘గ్రైండ్ చేయడం’ అయిపోయాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా ఇబ్బందులు ఒక రాయి పనిని ఇంకో రాయితో చేయించబోవడం వల్ల వచ్చినవే. మిగతావి రాయి కక్కు, అంటే ఉలి గంట్ల గరుకు, అరిగిపోయిన సంగతి గమనించకపోవడం వల్ల వచ్చినవి.

రోడ్డు పక్కన అమ్ముతుంటే చిన్న రోలు, పొత్రం కొన్నాను. బాగా కడిగి వాడుతున్నా, పది రోజులైనా పచ్చడిలో ఇసుక తగులుతూనే ఉంది. రాయి మంచిది కాదా?
— ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్

రాయి మంచిదే కావచ్చు. కడగడంతో మాత్రం పని జరగదు. ఉలి దెబ్బలకు చిట్లిన పలుకులు గుంతలో ఇంకా వేలాడుతుంటాయి. అవి నీళ్లకు రావు, రాపిడికే వస్తాయి. కొత్త రోలును అదుపులోకి తెచ్చేది ఇలా: కొబ్బరి పీచుతో గుంత, పొత్రం రెండూ గట్టిగా తోమండి. ఇనప బ్రష్షు వద్దు, తుప్పు మరకలు పడతాయి. తర్వాత గుప్పెడు నూకలు గానీ తవుడు గానీ తడిపి వేసి, పది నిమిషాలు గుంత అంచుల దాకా తిప్పి తిప్పి నూరి పారేయండి. మొదటి విడత బూడిద రంగులో వస్తుంది. రంగు పోయేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు విడతలు, ఇదే చేయాలి. చివర రెండు చెంచాల కల్లుప్పు, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు వేసి నూరి, కడిగి ఎండబెట్టండి. చాలామంది గుంతను మాత్రమే అరగదీసి పొత్రాన్ని వదిలేస్తారు. ఇసుకలో సగం పొత్రం అడుగు నుంచే వస్తుంది.

అయిందో లేదో తేల్చుకోవడానికి పాత పద్ధతే ఉంది. నానిన బియ్యం గుప్పెడు మెత్తగా నూరి, ఆ ముద్దను వెడల్పాటి గిన్నెలో నీళ్లలో కలపండి. బియ్యం గాలించినట్టే గిన్నెను మెల్లగా ఊపుతూ పైనీళ్లు వంచేయండి. పిండి నీళ్లతో పోతుంది, బరువైన పలుకులు అడుగున మిగులుతాయి. వేలితో అడుగంతా రాసి చూడండి. ఒక్క పలుకు తగిలినా ఇంకో రెండు విడతలు నూరాల్సిందే.

ఇంత చేసినా ఇసుక వస్తుంటే అప్పుడు రాయిని అనుమానించండి. మూడు పరీక్షలు చాలు. మొదటిది, ఉక్కు చాకు మొనతో రోలు అడుగున గీయండి. గట్టి నల్లరాయి మీద చాకు లోహం మరకలా అంటుకుంటుంది. మెత్తరాయి మీద గాడి పడుతుంది. రెండోది, ఆ గీసిన పొడి మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. బుడగలొస్తే అది సున్నపురాయి. కడప, బేతంచెర్ల, తాండూరు బండలు ఈ జాతివే. అరుగులకు, గచ్చులకు అవి ఎంతో బాగుంటాయి కానీ చింతపండు పులుపుకు కరిగి అరుగుతాయి కాబట్టి రోలుకు పనికిరావు. మూడోది, రోలంతా తడిపి నీడన ఆరనివ్వండి. మిగతా అంతా ఆరాక కూడా ఒకచోట నల్లని గీత మిగిలితే అది పగులు. పగులును సిమెంటు, రాతిపొడి కలిపి మూసి అమ్మేవాళ్లూ ఉన్నారు. మొత్తం సిమెంటుతో అచ్చు పోసిన రోళ్లూ వస్తున్నాయి. గుంతలో ఉలి గంట్లు లేకుండా సన్నటి గాలి బుడగల చిల్లులు కనిపిస్తే కొనకండి. లోపల అద్దంలా మెరిసే కల్వాలు కూడా అంతే. షోకేసులో అందంగా ఉంటాయి, వాటిలో మిరియం కూడా నలగక జారిపోతుంది.

మా అత్తగారి రుబ్బురోలు ఉంది. గారెల పిండి అందులోనే రుబ్బుతున్నాను. పిండి ఎంతకీ మెదగదు, నీళ్లు పోస్తే జారవుతోంది, గారెలు నూనె పీల్చేస్తున్నాయి. గట్టిగా రుబ్బితే రాళ్లలా వస్తున్నాయి.
— ఒక పాఠకురాలు, తెనాలి

మీ ఉత్తరంలోనే జవాబుంది. ‘ఎంతకీ మెదగదు’ అన్నారు. రోలు కక్కు పోయింది. ఏళ్ల తరబడి రుబ్బి రుబ్బి గుంత నున్నబడిపోతే పప్పు పొత్రం కింద నలగదు, జారుతుంది. జారుతోందని నీళ్లు చిలకరిస్తాం. నీళ్లెక్కువైన పిండి పలచనై గాలిని పట్టి ఉంచదు, మూకుట్లో నూనె పీలుస్తుంది. తప్పు చేతిది కాదు, రాయిది.

పొడి రోట్లో చెంచాడు బియ్యప్పిండి చల్లి అరచేత్తో తుడిచేయండి. కక్కు బతికున్న రోట్లో పిండి సన్నటి తెల్లచుక్కలుగా గంట్లలో నిలిచిపోతుంది. మీ రోట్లో బహుశా మొత్తం ఊడి వచ్చేస్తుంది. రాళ్లు కొట్టే వడ్డెర పనివాళ్లు ఉలి, సుత్తి పట్టుకుని ‘రోళ్లకు కక్కు కొడతాం’ అని ఇంటింటికీ తిరిగేవాళ్లు. ఇప్పుడు వాళ్లు వీధిలోకి రావడం తక్కువ. రోళ్లు, గడపరాళ్లు చెక్కేచోట అడిగితే దొరుకుతారు. కొట్టేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. గంట్లు దగ్గరదగ్గరగా, గుంత అంతా సమంగా పడాలి. బియ్యపు గింజ సగం కూరుకునేంత లోతు చాలు. అంతకంటే లోతైతే పప్పు అందులో ఇరుక్కుని పులిసి వాసన కొడుతుంది. పొత్రం అడుగుకూ కొట్టించాలి. కక్కు కొట్టాక రోలు మళ్లీ కొత్తదే అనుకోండి. పైన చెప్పిన నూకల విడతలు మొదటినుంచీ చేయాలి.

రోలు సరైపోయాక కొలతలు ఇవి. పొట్టు మినప్పప్పు గ్లాసు, అంటే 200 గ్రాములు. మూడు నుంచి నాలుగు గంటలు నానితే చాలు, వేసవిలో ఇంకా తక్కువ. రాత్రంతా నానబెడితే పప్పే నీళ్లు తాగేసి ఉంటుంది, ఇక రుబ్బేటప్పుడు మీరు చుక్క వేయకపోయినా పిండి జారుతుంది. పొట్టు కడిగేసి చిల్లుల గిన్నెలో పావుగంట వదలండి, అడుగున నీటిబొట్టు రాలకూడదు. సగం పప్పు రోట్లో వేసి మొదటి ఐదు నిమిషాలు నీళ్లు లేకుండా రుబ్బండి. తర్వాత చేతిని తడుపుకుంటూ చిలకరించడమే, పోయడం లేదు. మొత్తం పప్పుకు నాలుగైదు చెంచాల నీళ్లు దాటకూడదు. కుడిచేత్తో పొత్రం తిప్పుతుంటే ఎడమచెయ్యి అంచు మీదికెక్కిన పిండిని ప్రతి చుట్టుకూ లోపలికి తోస్తూ ఉండాలి. ఈ తోయడంలోనే పిండి మడతలు పడి గాలి చేరుతుంది. మినుముల జిగురు ఆ గాలిని బుడగలుగా పట్టి ఉంచుతుంది. ఇరవై, పాతిక నిమిషాలకు పిండి తెల్లబడి, చేతికి తేలిగ్గా తగులుతుంది. గోళీ అంత ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి. ఉప్పు మాత్రం మూకుడు పొయ్యి మీద పెట్టాకే కలపండి. ముందే వేస్తే పిండి నీరొదిలి వదులవుతుంది.

మా నాయనమ్మ ఇసుర్రాయి ఉంది. కందులు ఇసిరితే సగం గింజలు అట్లనే వస్తున్నయి, సగం నూకలైతున్నయి. జొన్నపిండేమో ముతకగ వస్తుంది. ఏం జెయ్యాలె?
— ఒక పాఠకుడు, హుజూరాబాద్, కరీంనగర్ జిల్లా

మీవి రెండు వేర్వేరు సమస్యలు, రెండింటికీ మూలం మాత్రం పై రాయికీ కింది రాయికీ మధ్య సందు. కింది రాయి కదలదు. దాని నడుమ ఇనప సీల ఉంటుంది. పై రాయి ఆ సీల మీద తిరుగుతుంది. పై రాయి నడిమి నోట్లోంచి గింజ పడి, రెండు రాళ్ల మధ్య నలుగుతూ అంచు దాకా నడిచి, చుట్టూ రాలుతుంది. పప్పు విరగాలంటే సందు గింజ కంటే కాస్తే తక్కువ ఉండాలి. పిండి కావాలంటే సందు దాదాపు ఉండకూడదు.

సందు పెంచడానికి సీల చుట్టూ పాత గుడ్డపేలిక బిగించి చుట్టండి. పై రాయి ఆ గుడ్డ మీద కూర్చుని కొద్దిగా లేస్తుంది. ఒక్కో చుట్టు పెంచుతూ గుప్పెడు కందులు విసిరి చూసుకోండి. నూకలు తగ్గి బద్దలు నిండుగా రాలుతున్నప్పుడు ఆపండి. జొన్నలకైతే గుడ్డ పూర్తిగా తీసేయాలి, గింజలు ఒకేసారి దోసెడు పోయకుండా చిటికెడు చిటికెడు వేయాలి. గింజలు ఎక్కువ పడితే అవే పై రాయిని ఎత్తిపెడతాయి, పిండి ముతకగా రాలుతుంది. గుడ్డ తీసేసి, తక్కువ తక్కువగా వేసినా ముతకే వస్తుంటే కక్కు పోయినట్టే. ఇసుర్రాయి గంట్లు నడుమ కొంచెం లోతుగా, అంచుకు పోయేకొద్దీ పలచగా ఉండేలా కొట్టించండి.

ఇక సీల చూడండి. పై రాయి తిప్పేటప్పుడు ఒక పక్కకు వాలుతూ ‘గుడుగుడు’మని ఎగురుతుంటే సీల వదులైంది. అట్లా ఉన్నంతసేపూ ఒక పక్క గింజ అట్లనే వస్తుంది, ఇంకో పక్క నూకవుతుంది. మీరు రాసినది సరిగ్గా ఇదే. సీల చుట్టూ గట్టి చెక్క చీలికలు కొట్టి బిగించండి. పిడి కర్ర కూడా గట్టిగా నిలువునా ఉండాలి.

రాయి సరిగ్గా ఉన్నా కందులను తయారుచేయకుండా విసిరితే పప్పు రాదు. కందికి పొట్టుకూ బద్దకూ మధ్య బంకలాంటి పొర ఉంటుంది. అది వదలాలి. కందులు ఆరేడు గంటలు నానబెట్టి, నీళ్లు వడకట్టి, కిలోకు గుప్పెడు ఎర్రమట్టి మెత్తగా జల్లించి తడిపి పట్టించండి. రాత్రంతా కుప్పగా ఉంచి, తర్వాత మూడు రోజులు గట్టి ఎండలో ఎండబెట్టాలి. నానినప్పుడు ఉబ్బిన గింజ ఎండకు లోపల ముడుచుకుంటుంది, పొట్టు విడిపోతుంది. గింజను పంటి కింద వేస్తే ‘టక్’మని విరగాలి. నమిలినట్టు సాగితే ఇంకో రోజు ఎండ కావాలి. విసిరాక చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. మట్టి వద్దనుకునేవాళ్లు ఇంకో దారి పట్టవచ్చు. ముందు ఒక్కసారి వదులుగా విసిరి పొట్టుకు గీతలు పడనిచ్చి, కిలోకు చెంచాడు నూనె పట్టించి రాత్రంతా ఉంచి, నీళ్లు చిలకరించి ఎండబెట్టాలి. పెసలకు, మినుములకు ఈ నూనె పద్ధతే బాగుంటుంది. శనగలకు ఇంత శ్రమ అక్కర్లేదు, కాస్త తడిపి ఎండబెడితే పొట్టు సులువుగా వదులుతుంది.

రుబ్బురోట్లోనే కారం కూడా దంచుకోవచ్చా? ఇంట్లో వేరే రోలు లేదు.
— ఒక పాఠకురాలు, నంద్యాల

వద్దు. రుబ్బురోలు గుంత వెడల్పుగా, పొత్రం తిరగడానికి వీలుగా చెక్కినది. దంచే రోలు గుంత ఇరుకు, లోతు. అందుకే రోకలి దెబ్బకు సరుకు మళ్లీ నడుమకే జారుతుంది. వెడల్పు గుంతలో మిరపకాయలు చుట్టూ చెదురుతాయి, రోకలి ఉత్త రాతిని కొడుతుంది. ఆ దెబ్బకు రాయి చిట్లుతుంది. పొత్రాన్ని ఎత్తి దంచడం ఇంకా ప్రమాదం, అంచు పెచ్చు లేస్తుంది.

మిక్సీలో కొట్టిన కారం ఆవకాయలో నల్లబడుతోందని ఈసారి రోట్లో దంచుదామనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? చేతుల మంట తగ్గేదెలా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

మిరపకాయలు తొడిమలు తీసి రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి. కాయను మడిస్తే పెళుసుగా విరగాలి. వంగి ముడుచుకుంటే తేమ ఉన్నట్టే. తేమ ఉన్న కాయ రోట్లో పొడి కాదు, పొరలుగా అణుగుతుంది, నిలవలో రంగు మారేదీ అదే. మీ కారం నల్లబడటానికి మిక్సీ వేడితో పాటు కాయల తేమ కూడా కారణమై ఉంటుంది. ఎండ నుంచి తెచ్చిన వెంటనే, ఇంకా గలగలలాడుతున్నప్పుడే దంచడం మొదలుపెట్టాలి.

గుంతలో మూడో వంతుకు మించి వేయకండి. పైన కుందెన పెట్టుకుంటే కారం చెదరదు. అది రోటి నోటి చుట్టూ నిలిచే అడుగులేని గుండ్రటి చట్రం. లేకపోతే మందపాటి గుడ్డను చుట్టలా చుట్టి పెట్టుకోండి. రోకలిని బలంతో కొట్టకండి. ఎత్తి వదిలితే దాని బరువే పనిచేస్తుంది, చేతులు దారి చూపిస్తే చాలు. ఇద్దరు ఒకే రోట్లో దంచేటప్పుడు ఒకరి పోటుకూ ఇంకొకరి పోటుకూ మధ్య ఎడం తప్పకూడదు. దంపుడు పాటల్లో ‘సువ్వి సువ్వి’ అని వచ్చే పల్లవి ఆ ఎడాన్ని కాపాడేదే. పాట ఆగితే రోకళ్లు ఢీకొంటాయి. ప్రతి పది నిమిషాలకూ జల్లించి, జల్లెడలో మిగిలిన ముతకను తర్వాతి వాయితో కలిపి దంచండి.

మొదలుపెట్టేముందు రోకలి పొన్ను చూడండి. ఎండాకాలం కర్ర ఎండి ముడుచుకుంటే అడుగున ఉన్న ఇనప కట్టు జారుతుంది. ముందురోజు రాత్రి రోకలి అడుగును నీళ్లలో నిలబెడితే కర్ర ఉబ్బి పొన్ను బిగుసుకుంటుంది. పొద్దున్నే తుడిచి, పూర్తిగా ఆరాకే కారంలో పెట్టాలి.

చేతుల మంటకు నీళ్లు పనిచేయవు. కారంలోని ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ముందు వంటనూనె బాగా రుద్దండి, తర్వాత సబ్బుతో కడగండి. దంచడానికి ముందే చేతులకు నూనె రాసుకుంటే ఇంకా మంచిది.

ఆవపిండి గురించి మీరు అడగలేదు కానీ ఆవకాయ అన్నారు కాబట్టి చెబుతున్నాం. ఆవాలు కూడా బాగా ఎండాలి, రోలు పొడిగా ఉండాలి. ఆవ ఘాటు తడి తగిలాకే పుడుతుంది. తడి రోట్లో దంచితే ఘాటు అక్కడే పుట్టి అక్కడే పోతుంది, పచ్చడిలో చేదు మిగులుతుంది.

డల్లాస్‌కు ఒక రోలు తీసుకెళ్లాలి. ఎంత సైజు కొనాలి? రోటి పచ్చడి మా చేతుల్లో ముద్దలా అవుతోంది, అమ్మ చేసినట్టు రావడం లేదు.
— ఒక పాఠకుడు, టెక్సాస్

గట్టి నల్లరాయి ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న రోలు గుంత తీసేయగా పది, పదకొండు కిలోలు వస్తుంది. నలుగురికి పచ్చడి చేసుకోవడానికి అది చాలు. అదే పోలికలో 30 సెంటీమీటర్ల వెడల్పుది కొంటే 35 కిలోల దాకా తూగుతుంది, విమానంలో ఒక్కో పెట్టెకు సాధారణంగా ఇచ్చే 23 కిలోల్లో పట్టదు. రోలును ముందే ఇక్కడ నూకలతో అరగదీసి, మట్టి మరక లేకుండా కడిగి ఎండబెట్టుకుని వెళ్లండి. పొత్రాన్ని విడిగా చుట్టండి. రోట్లోనే పెట్టి సర్దితే దారిలో రెండూ కొట్టుకుని అంచులు లేస్తాయి. చెక్క నేల మీద వాడేటప్పుడు కింద మందపాటి రబ్బరు చాప వేయండి.

పచ్చడి ముద్ద కావడానికి కారణం వరుస తప్పడం. దోసకాయ పచ్చడి తీసుకోండి. పావుకిలో కాయ, ఎనిమిది మిరపకాయలు, చెంచాడు మినప్పప్పు, అర చెంచా ఆవాలు, చిటికెడు మెంతులు, ఉసిరికాయంత చింతపండు. వేయించినవి పూర్తిగా చల్లారాక ముందుగా మెంతులు, ఆవాలు, పప్పు, వాటితోనే కల్లుప్పు. ఉప్పు పలుకులే లోపల రాపిడి రాళ్లలా పనిచేస్తాయి. అవి పొడయ్యాక మిరపకాయలు, తర్వాత కొద్దిగా తడిపిన చింతపండు. ఈ ముద్ద మెత్తగా అయ్యాకే దోసకాయ ముక్కలు వేసి, పొత్రంతో పైపైన నాలుగు పోట్లు వేసి ఆపేయాలి. ముక్క చితకాలి, నలగకూడదు. మిక్సీలో అన్నీ ఒకేసారి తిరుగుతాయి కాబట్టి మెంతి నలిగేసరికి దోసకాయ నీరైపోతుంది. రోట్లో మాత్రం ఏది ఎంత నలగాలో మీ చెయ్యే నిర్ణయిస్తుంది. రుచిలో తేడా అక్కడే ఉంది.

రాతి రోట్లో రుబ్బితే రాయిలోని ఖనిజాలు తిండిలో కలిసి ఆరోగ్యానికి మంచిదంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

కాదు. నల్లరాయిలో ఉండేవి ముఖ్యంగా గట్టి ఖనిజాలు. అవి కడుపులో అరగవు, పళ్లను మాత్రం అరగదీస్తాయి. తిండిలోకి రాయి రాకుండా చూసుకోవడానికే పైన చెప్పిన శ్రమంతా. రోలు మేలు వేరేచోట ఉంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరిగి సరుకును వేడెక్కిస్తుంది, వాసన ఎగిరిపోతుంది. రాయి మెల్లగా నలుపుతుంది, వేడెక్కదు. పోషకాలు పెరుగుతాయని మాత్రం చెప్పలేం. టేబుల్ మీది వెట్ గ్రైండర్ కూడా రాతిదే కాబట్టి ఇడ్లీ, దోసె పిండికి అది చక్కగా సరిపోతుంది. అందులో పొత్రం బదులు గిన్నె తిరుగుతుంది, అంతే తేడా.

సన్నికల్లు పెళ్లిలో తొక్కించడానికే తీస్తున్నాం. మిగతా రోజుల్లో దేనికి వాడొచ్చు?
— ఒక పాఠకురాలు, వరంగల్

తక్కువ పరిమాణంలో, చాలా మెత్తగా కావాల్సిన ప్రతిదానికీ. గసగసాలు, కొబ్బరి, మసాలా ముద్ద, శొంఠి, పసుపు కొమ్ము. గసగసాలు మిక్సీలో బ్లేడు కింద నిలవకుండా అంచులకు ఎగిరిపోతాయి. సన్నికల్లు మీద అరగంట నానబెట్టిన రెండు చెంచాల గసాలు ఐదారు నిమిషాల్లో వెన్నలా వస్తాయి. పొత్రాన్ని ముందుకు తోసేటప్పుడు బరువు వేయండి, వెనక్కి లాగేటప్పుడు తేలిక చేయండి. రెండువైపులా నొక్కితే భుజం పట్టేస్తుంది.

రోలు సబ్బుతో కడగొచ్చా? వెల్లుల్లి వాసన పోవడం లేదు. ఒకసారి మరిగే తాలింపు రోట్లోనే పోశాను, సన్నటి గీత కనిపిస్తోంది.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సబ్బు వద్దు, గంట్లలో నిలిచి మర్నాటి పచ్చడిలో నురగగా తేలుతుంది. వాసనకు కల్లుప్పు, నిమ్మచెక్క వేసి రుద్ది వేడి కాని నీళ్లతో కడిగి, గుంతను ఎండవైపు వాల్చి పెట్టండి. గుంతలో తడి నిలిస్తే రాత్రికి బొద్దింకలు చేరతాయి, వానాకాలం బూజు పడుతుంది. తీపి పదార్థాలకు వీలైతే వేరే చిన్న రోలు పెట్టుకోవడమే నయం.

ఆ గీత సంగతి వెంటనే చూడండి. చల్లని రాయి మీద మరిగే నూనె పడితే పైపొర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, లోపలిది కదలదు, అందుకే చీలుతుంది. తాలింపు ఎప్పుడూ పచ్చడిని గిన్నెలోకి తీశాకే. రోలు తడిపి ఆరబెట్టి గీత ఎంత దూరం పోయిందో చూసుకోండి. ఇనప చెంచాతో తట్టినప్పుడు ఖణేలుమంటే పైపగులే, మెత్తటివి నూరుకోవచ్చు. మొద్దుగా మోగితే పగులు లోపలికి దిగింది. అందులో ఇక రోకలి గానీ పొత్రం గానీ ఎత్తి వేయకండి.